ఒంటిరంగు సీసా

ఇస్వెన్ పేజీలు వచ్చిన వారం
నా బల్ల మీద ముందుగా అయిపోయేది
ఒంటిరంగు సీసా.
ఇనుపరంగుకి సెలవు.

కలపడం సులువే.
పాలమీగడలో కాస్త ఎరుపు, చిటికెడు పసుపు.
నరాలుండవు, పుట్టుమచ్చలుండవు,
చలికి నిక్కబొడుచుకునే రోమాలుండవు.

ఘెంట్‌లో, కాలువ పక్కన, మూడో అంతస్తు.
జనవరి. పొయ్యి రాజుకోదు.
రెండు స్వెట్టర్లు, వేళ్ళు కత్తిరించిన చేతితొడుగులు,
మెడ చుట్టూ మా ఆయన మఫ్లర్.
ఇంత తొడుక్కుని కూర్చుని
మంచుకొండ మీద యుద్ధానికెళ్ళే ఒకావిడకి
నేను బొడ్డు రంగేస్తున్నాను.

ఫ్లోరిస్ చెడ్డవాడు కాదు.
శుక్రవారం శుక్రవారం వాఫుల్స్ తెస్తాడు,
నా కూతురి పుట్టినరోజు మర్చిపోడు.
మ్యూజియంలో గాజుపెట్టె ముందు గొంతుక్కూర్చుని
ఇనుప మోచేతి కీలు ఎలా వంగుతుందో
మూడు పూటలు గీసుకొచ్చిన మనిషి.
అందుకే మగసైనికుడి మోచేతికి
పదకొండు మేకులు. లెక్కపెట్టాను.
ఆవిడకి రెండు గిన్నెలు, ఒక గొలుసు,
తొడ మీద ఎందుకో ఒక తోలుపట్టీ.
"కదలడానికి వీలుగా" అంటాడు.
మరి మగవాళ్ళు కదలరా అంటే
నవ్వి, రెండో వాఫుల్ నా వైపు జరుపుతాడు.

బాణాలది ఇంకో వింత.
ఆవిడ దాకా వచ్చేసరికి
ఒక్కొక్కటీ పక్కవాడి డాలుని వెతుక్కుంటూ పోతుంది.
బెత్తెడు ఇనుము తప్ప మిగతాదంతా బట్టబయలు,
అయినా ఒక్క గీత పడదు.
గాయమైతే బొమ్మ పాడవుతుందని
బాణాలకి కూడా ఎవరో చెప్పినట్టున్నారు.

ఒకసారి పొట్ట మీద బూడిదరంగు పలక వేశాను.
చిన్నదే. కాలేయం కప్పేంత.
బ్రస్సెల్స్ నుంచి పేజీ తిరుగుటపాలో వచ్చింది,
పలక చుట్టూ ఎర్ర పెన్సిల్ సున్నా.
బ్లేడుతో గీకాను. కాగితం మీద నూగు లేచింది.
ఆ నూగు మీద మళ్ళీ ఒంటిరంగు.

గీకిన చోట కాగితం రంగు ఎక్కువ తాగింది.
పక్కటెముక కింద
సన్నటి చార మిగిలిపోయింది.
దాని జోలికి పోలేదు.

తర్వాతి సంపుటిలో అదే చోట అదే చార, కావాలనే.
దాని పక్కన ఇంకొకటి,
గొడ్డలి తృటిలో తప్పిందని రాసిన చోట.
తప్పి ఉండదని నాకు తెలుసు.
భుజం మీద గొలుసు ఒరిసిన ఎరుపు.
మంచులో, మోకాళ్ళ దగ్గర, కాస్త ఊదా.
ఒక రాత్రి నా సిజేరియన్ కుట్టు కూడా అరువిచ్చాను.
తొమ్మిదేళ్ళు ఇలాగే.
ప్లేట్లు అరిగిపోయాయనుకుని
ప్రెస్సువాళ్ళు రెండుసార్లు మార్చారు పాపం.

మొన్న ఆంట్‌వెర్ప్ పుస్తకాల సంతలో
ఫ్లోరిస్ సంతకాలు పెడుతున్నాడు.
రంగులవాళ్ళకి కుర్చీ వెయ్యరు,
వెనక నిలబడి అట్టపెట్టెలు విప్పుతున్నాను.

ఓ పిల్ల వచ్చింది. పన్నెండేళ్ళుంటాయేమో.
జూడో క్లాసు నుంచి సరాసరి వచ్చినట్టుంది,
సంచిలోంచి నారింజ బెల్టు వేలాడుతోంది.
నాలుగు సంపుటాలు బల్ల మీద పరిచి
వేలు పెట్టి చూపించింది.
"ఇది మూడో పుస్తకంలో తగిలిన దెబ్బ.
ఇది ఐదులోది.
ఇదెక్కడిది?"
వేలు బొడ్డు కింది నిలువు గీత మీద ఆగింది.

ఫ్లోరిస్ కళ్ళజోడు పైకి నెట్టుకున్నాడు.
తను గీసిన ఒంటిని
ఎవరో రాసిన ఉత్తరంలా
వంగి, దగ్గరగా చూశాడు.
"అచ్చుతప్పు అయ్యుంటుంది" అన్నాడు.

పిల్ల ఒప్పుకోలేదు.
"అచ్చుతప్పు మానుతుందా?
ఆరులో పచ్చిగా ఉంది. ఏడులో మానింది."

వెనక ఎవరో తొందరపెట్టారు.
ఆయన సంతకం పెట్టాడు.
నా వేలికి టేపు అంటుకుంది,
ఎంత విదిలించినా రాదు.